పుస్తకంలో వేసే బొమ్మలకు ఏ ఏఐ టూల్ మంచిది?

ప్రశ్న: పిల్లల కథల పుస్తకం రాశానండి, అమ్మకానికి పెట్టాలని ఉంది. బొమ్మలు ఏఐతో చేయిస్తుంటే పేజీ మారేసరికి కుందేలు చెవులు, చొక్కా రంగు మారిపోతున్నాయి. పైగా వీటిపై హక్కులు నావేనా అని టెన్షన్. ఏది తీసుకోమంటారు?

సమాధానం 1: అమ్మకానికైతే బొమ్మ అందం కంటే ముందు లైసెన్స్ చదవండి. అడోబీ కంపెనీ బొమ్మల ఏఐ టూల్ ఫైర్‌ఫ్లైకి లైసెన్స్ ఉన్న బొమ్మలతో, కాపీరైట్ గడువు తీరినవాటితో శిక్షణ ఇచ్చామని ఆ కంపెనీ చెబుతోంది. వ్యాపారానికి నేను దాన్నే నమ్ముతాను. మిడ్‌జర్నీ అనే ఇంకో టూల్ బొమ్మలు చాలా బాగుంటాయి, కానీ మామూలు ప్లాన్లలో మీరు చేసినవి అందరికీ కనిపిస్తాయి. ఇంకా బయటికి రాని పుస్తకానికి అది మంచిది కాదు. హక్కుల మాటకొస్తే, మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే చేసిన బొమ్మకు కాపీరైట్ రాదని 2023లో అమెరికా కోర్టు ఒకటి తేల్చింది. ఒక్కో దేశంలో ఒక్కో రూలు. మీరు సొంతంగా రాసిన కథ మీద హక్కు మాత్రం మీదే.

సమాధానం 2: కుందేలును ప్రతిసారీ మాటల్లో వర్ణిస్తే అలాగే మారిపోతుందండి. బాగా కుదిరిన ఒక్క బొమ్మను రిఫరెన్స్‌గా ఇచ్చి, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటుందో గీయించుకోండి. ఆ తర్వాతే సన్నివేశాల జోలికి వెళ్ళండి. చొక్కాకు గళ్ళు, చారలు వద్దు, ఒకే రంగు పెట్టండి. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ఏఐని సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. తెలుగు అక్షరాలు మాత్రం బొమ్మలో రాయించకండి, ఒత్తులు తప్పు పడొచ్చు. విడిగా టైప్ చేసి అతికించండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ ఇద్దరికీ. రిఫరెన్స్ బొమ్మతోనే మొదలుపెడతాను.