ర్యాంకుల జాబితాలు చూసి నగరాల్ని అంచనా వేయొచ్చా?

కాలినడక:
ఏటా "బతకడానికి అనువైన నగరాలు" అని ఒక జాబితా వస్తుంది కదా, ఎకానమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ వాళ్లది. 173 నగరాలు, 2022 నుంచి 2024 దాకా వియన్నా ఫస్ట్, 2025లో కోపెన్‌హాగన్. నగరాల మీద ప్రాజెక్టు చేసే పిల్లలు చాలామంది దీంతోనే మొదలుపెడుతున్నారు, ఆ పై పది నగరాల్లో ఏముందో అదే కాపీ కొడితే చాలన్నట్టు రాస్తున్నారు. సూటిగా చెప్తున్నా, నగరాన్ని చదవడానికి ఈ జాబితా పనికిరాదు. భద్రత, వైద్యం, సంస్కృతి-పర్యావరణం, చదువు, మౌలిక వసతులు, ఈ అయిదింటికే మార్కులు. జీవన వ్యయం అందులో లేదు. జీతంలో సగం ఇంటద్దెకే పోయేవాడికి ఆ ఊరు ఎంత "అనువైనది" అయితే ఏం లాభం? కంపెనీలు ఉద్యోగిని వేరే దేశం పంపేటప్పుడు అలవెన్స్ ఎంతివ్వాలో తేల్చుకోవడానికి ఇలాంటి మార్కులు వాడతాయి, దానికి బాగానే పనికొస్తాయి. అక్కడే పుట్టి పెరిగి అక్కడే ముసలివాళ్లయ్యే లక్షల మందిని దృష్టిలో పెట్టుకుని చేసిన లెక్క కాదది.

లెక్కలమాస్టారు:
జాబితా బాలేదంటే ఒప్పుకుంటాను. కానీ మీ మాట వింటే కొలవడమే తప్పు అన్నట్టుంది, అక్కడ మాత్రం ఒప్పుకోను. కొలతలు లేకపోతే గొంతు పెద్దదున్నవాడిదే గెలుపు. స్టాక్‌హోమ్ చూడండి. నగరంలోకి వచ్చే కార్ల మీద రద్దీ పన్ను అనగానే ఎక్కువమంది వ్యతిరేకించారు. 2006లో కొన్ని నెలలు ప్రయోగంగా పెట్టి చూశారు, లోపలికొచ్చే ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది, ఆ తేడా జనం కళ్లారా చూశారు. ఆ సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది ఉండనివ్వండి అన్నారు, 2007 నుంచి అది శాశ్వతమైంది. వాదించి మార్చలేని మనసుల్ని అనుభవమూ అంకెలూ కలిసి మార్చాయి. నగరాల్ని అందరూ ఒకే పద్ధతిలో కొలవాలనే కదా అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2014లో ఐఎస్ఓ 37120 అనే ప్రమాణం తెచ్చింది.

కాలినడక:
మాస్టారూ, కొలవొద్దని నేనెక్కడన్నాను? గీత ఎక్కడ గీసి కొలుస్తున్నారన్నదే నా గొడవ. కోపెన్‌హాగన్ 2025కల్లా కార్బన్ న్యూట్రల్ అవుతామంది, అంటే తాము వదిలే కార్బన్‌ను నికరంగా సున్నా చేస్తామని, ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. వాళ్ల లెక్కలోకి వచ్చినవి నగర హద్దుల్లోపల వెలువడేవి. అక్కడివాళ్లు కొనే బట్టలు, ఫోన్లు, సిమెంటు ఎక్కడో తయారవుతాయి, ఆ పొగ ఎక్కడో ఊరి ఖాతాలో పడుతుంది. ఇంత వెసులుబాటు ఉండి కూడా 2022లో ఆ లక్ష్యాన్ని వదిలేయాల్సి వచ్చింది, చెత్త కాల్చే ప్లాంటులో కార్బన్ పట్టే ఏర్పాటుకు నిధులు రాక. వాతావరణ మార్పు మీద కలిసి పనిచేసే పెద్ద నగరాల కూటమి సీ40, 2018లో 79 నగరాల్ని వినియోగం ప్రకారం, అంటే అక్కడివాళ్లు కొని వాడేవాటి పొగ కూడా చేర్చి లెక్కేస్తే, మామూలు లెక్క కంటే ఉద్గారాలు దాదాపు 60 శాతం ఎక్కువ తేలాయి. తన చెత్త పక్కింటి వాకిట్లో పోసి నా ఇల్లు శుభ్రం అన్నట్టుంది ఈ వ్యవహారం.

వంతెన:
మీ ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. సాంద్రత! 1989లో న్యూమన్, కెన్‌వర్తీ అనే పరిశోధకులు 32 నగరాల్ని పోల్చి గ్రాఫ్ గీసి చూపించారు, ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటే తలసరి పెట్రోలు అంత తక్కువ అని. పెట్రోలు ఎక్కువ కాల్చే అమెరికా నగరం హ్యూస్టన్ ఒక చివర, తక్కువ కాల్చే హాంకాంగ్ ఇంకో చివర. దగ్గర దగ్గరగా కట్టండి, మెట్రో వేయండి, సగం సమస్య తీరిపోతుంది.

కాలినడక:
వంతెన గారూ, ఆ గ్రాఫ్ మీద అప్పట్లోనే అభ్యంతరాలొచ్చాయి, అమెరికాలో పెట్రోలు చవక, ఆదాయాలు ఎక్కువ, ఆ సంగతి పక్కన పెట్టి మొత్తం సాంద్రత ఖాతాలో వేస్తే ఎలా అని. సాంద్రత మంచిదే, నేనూ దాని పక్షమే. కానీ గాలి రాని చిన్న గదిలో నలుగురు ఉండటమూ సాంద్రతే, ఎదురుగా పార్కు ఉన్న అయిదంతస్తుల ఇల్లూ సాంద్రతే. గ్రాఫ్‌లో రెండూ ఒకే చుక్క.

నీటిచుక్క:
సగటు అన్నది ఎంత దాచేస్తుందో చెప్తాను. 2018లో కేప్‌టౌన్‌లో నీళ్లు అయిపోయే పరిస్థితి వచ్చింది, మనిషికి రోజుకు 50 లీటర్లని పరిమితి పెట్టారు. కొన్నేళ్ల కిందట రోజుకు 120 కోట్ల లీటర్లు వాడిన నగరం 50 కోట్ల దరిదాపులకు దిగింది. అద్భుతమే, కాదనను. కానీ కొంచెం దగ్గరికెళ్లి చూస్తే, డబ్బున్న ఇళ్లవాళ్లు పెరట్లో బోరు వేయించుకున్నారు, ఆ నీళ్లు ఈ లెక్కలోకి రావు. మురికివాడల్లో పదుల కుటుంబాలకు ఒక కొళాయి, బకెట్లు పట్టుకుని నిలబడాలి, వాళ్లు కరువు రాకముందు నుంచే చాలా తక్కువతో సరిపెట్టుకుంటున్నారు. వాడకం తగ్గాక ఆదాయం పడిపోయి నీటి చార్జీలు పెంచారు కూడా. ఈ నగరం "విజయం" అని ఒక్క అంకెతో ఎలా రాస్తారు?

లెక్కలమాస్టారు:
అంటే ఇంకా లోతుగా కొలవాలనేగా! వార్డు వారీగా, ఆదాయం వారీగా. సియోల్‌లో చియాంగ్‌గీచియాన్ అనే వాగు సంగతి దగ్గరికెళ్లి కొలిచారు కాబట్టే తెలిసింది. దాని మీద కట్టిన ఫ్లైఓవర్‌ను 2003లో కూల్చడం మొదలుపెట్టి 2005కల్లా మళ్లీ నీళ్లు పారించారు, వేసవిలో పక్క వీధుల కంటే అక్కడ కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటోంది.

కాలినడక:
మంచి ఉదాహరణే తెచ్చారు, దాని రెండో వైపు కూడా చూడండి. ఆ నీళ్లలో ఎక్కువ భాగం వాటంతట అవి వచ్చేవి కావు, హాన్ నది నుంచి రోజూ పంపులతో తోడి పోస్తారు, దానికి కరెంటు కావాలి. ఇంకోటి, ఆ ఫ్లైఓవర్ కింద సామాన్లు అమ్ముకునే చిన్న వ్యాపారుల్ని తొలగించి చాలామందిని దొంగ్‌దేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ డిజైన్ సెంటర్ కోసం కూల్చేశారు, అక్కడినుంచి మళ్లీ లేచారు. నాకు ఆ వాగు ఇష్టం, కూల్చడం సరైన పనే. కానీ థర్మామీటరు వీళ్ల లెక్క చూపించదు, ఎవరో ఒకరు వెళ్లి అడగాలి.

కొలవమంటే ఇలాంటివి కొలవండి. బ్రిటన్ లాంటి చోట్ల రోడ్డు దాటే సిగ్నల్‌ను మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుని పెట్టారు. 18 మీటర్ల రోడ్డుకు 15 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ 0.8 మీటర్లే నడవగలదనుకోండి, ఆమెకు 22 సెకన్లు పైనే కావాలి, అంటే గ్రీన్ అయిపోయేసరికి ఇంకా 6 మీటర్లు మిగిలే ఉంటుంది. ఒక స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు, ఏ విద్యార్థి అయినా ఏ నగరంలో అయినా చూడొచ్చు.

లెక్కలమాస్టారు:
సిగ్నల్ సంగతి బాగుంది, ఒప్పుకున్నా. కానీ ఇలా వంద కొలతలు పోగేస్తే చివరికి మేయర్ అడిగేది ఒకటే, "మనం బాగుపడుతున్నామా లేదా" అని. అన్నీ కలిపి ఒక జవాబు చెప్పాలి కదా. దేనికెంత వెయిటేజ్ ఇవ్వాలో ఎవరు తేలుస్తారు?

కాలినడక:
కలపకండి. అద్దె ఒక వరసలో, నీళ్లు ఒక వరసలో, బయట ఊళ్ల మీద పడే బరువు ఇంకో వరసలో, పోయిన ఏడాది పక్కన ఈ ఏడాది. మేయర్ గారికి ఒక్క అంకె లేకపోతే నచ్చకపోవచ్చు. వెయిటేజ్ ఇవ్వక తప్పదంటే ఎవరు ఇచ్చారో, ఎంత ఇచ్చారో పైనే రాయండి, అద్దెకుండేవాళ్లనీ అడిగి ఇవ్వండి.