‘స్టిక్ టు యువర్ గన్స్’కి పట్టుదల సరిపోతుందా?

ఒక ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘స్టిక్ టు యువర్ గన్స్’ దగ్గర ఆగిపోయాను. మొండిపట్టు అని రాస్తే ఎడిటర్ గారు కొట్టేశారు, పట్టుదల అంటే నాకే నచ్చలేదు. మీరైతే ఏం రాస్తారు?

— నచ్చకపోవడం సబబేనండీ. తెల్లారి నాలుగింటికి లేచి చదువుకునే పిల్లాడిది పట్టుదల, కానీ వాణ్ణి చదవొద్దని ఎవరూ అనడం లేదు కదా. ఈ ఇంగ్లిష్ మాటకి అవతల ఒకడుండాలి, వాడు మనల్ని ఒత్తిడి చెయ్యాలి, అయినా మనం తగ్గకూడదు. గన్స్ అంటే ఇక్కడ ఫిరంగులు, జేబులో పిస్తోళ్లు కాదు. ఎదుటివాళ్ల గుండ్లు వచ్చి మీద పడుతున్నా తన ఫిరంగి వదిలి పరిగెత్తనివాడి సంగతి అది. పాత రోజుల్లో ‘స్టిక్ టు’ బదులు ‘స్టాండ్ టు’ అని కూడా అనేవాళ్లు. 1791లో వచ్చిన బాస్వెల్ పుస్తకం, అదే ఇంగ్లిష్ నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్రలో, ప్రయర్ అనే కవి ప్రేమ పద్యాలను జాన్సన్ చీల్చి చెండాడుతుంటే ఆయన స్నేహితురాలు శ్రీమతి త్రేల్ వాటిని వెనకేసుకొస్తుంది, అప్పుడు బాస్వెల్ ఆవిడ ధైర్యంగా తన ఫిరంగి దగ్గరే నిలబడిందంటాడు. (చివరికి జాన్సన్ ఆవిడ నోరు మూయించాడు లెండి.) అంటే అప్పటికే ఫిరంగి యుద్ధభూమి దాటి కబుర్లాడుకునే గదిలోకి వచ్చేసింది!

మొండిపట్టు అంటే సగం తిట్టు. ‘తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు’ అంటే పూర్తి తిట్టు, నాలుగో కాలు కళ్లెదుట కనిపిస్తున్నా ఒప్పుకోనివాడు వాడు. ఇంగ్లిష్ మాట తప్పొప్పుల జోలికి పోదు, తగ్గలేదు అంటుందంతే. మామూలుగా మెచ్చుకోలుగానే వాడతారు. నేనైతే ‘మెట్టు దిగలేదు’ అంటాను, లేదా ‘అన్నమాట మీదే నిలబడ్డాడు’.

— మా నిజామాబాద్ వైపు జిద్దు అంటాం. అదీ తిట్టు కిందికే వస్తదనుకోండి. ‘ససేమిరా’ పెడితే ఎట్లుంటది?

— అది కాదనేవాడి మాట అన్నా. జీతం పెంచాల్సిందే అని కూర్చున్నవాడు మెట్టు దిగడు, పెంచను పొమ్మన్న ఓనరు ససేమిరా అంటాడు. తమాషా ఏంటంటే ఆ మాట పుట్టిన కథలో పట్టూ లేదు, పంతమూ లేదు. పులికి భయపడి చెట్టెక్కిన రాజకుమారుడు, తనను కాపాడిన ఎలుగుబంటినే కిందికి తోయబోయి, దాని శాపంతో పిచ్చివాడై స, సే, మి, రా అని గొణుగుతుంటాడు. అవి నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలు, ఒక్కో శ్లోకం చెబుతుంటే ఒక్కో అక్షరం వదులుతుంది. పిచ్చివాడి గొణుగుడు మన నోట కచ్చితమైన ‘కాదు’ అయి కూర్చుంది.

— అందరికీ థాంక్సండీ. ‘ఎంతమంది నచ్చజెప్పినా మెట్టు దిగలేదు’ అని రాసి పంపాను. ఎడిటర్ గారు ‘ఎంతమంది నచ్చజెప్పినా’ కొట్టేసి మిగతాది ఉంచారు.

— మరి మీరు మెట్టు దిగారా?