ఫెర్రెట్ల గుంపు: ‘బ’నా, ‘ఫ’నా?

పాతకాగితం: నిన్నటి నుంచి ఒక మాట బుర్ర తినేస్తోంది. 1486లో ఇంగ్లండులో అచ్చయిన సెయింట్ ఆల్బన్స్ వేట పుస్తకంలో గుంపుల పేర్ల పట్టీ ఉంది కదా. సింహాలకి ప్రైడ్, నక్కలకి స్కల్క్, భరతపక్షులకి ఎగ్జాల్టింగ్. మరి కుందేళ్ళ వేటకి వాడే, ముంగిసలాంటి ఫెర్రెట్లకి? ‘బెసినెస్’ అనీ చూశాను, ‘ఫెస్నింగ్’ అనీ చూశాను. తెలుగులో ఏమనొచ్చు?

నేతిబీర: బెసినెస్సే. బిజీగా ఉండటం అని, వ్యాపారం కాదు. ‘ఫెస్నింగ్’ ఎవరో ‘బ’ని ‘ఫ’గా చదివితే పుట్టిన దయ్యం. ముద్రారాక్షసం.

అరసున్న: ముద్రారాక్షసం ఎలా అవుతుందండీ? అచ్చువేసినాయన సరిగ్గానే వేశాడు, తప్పు తర్వాత చదివినవాళ్ళది. పాపం, ఆయనకి పేరు కూడా మిగల్లేదు. వింకిన్ డి వోర్డ్ అనే ఇంకో ముద్రాపకుడు 1497లో ఈయన వేసిన చరిత్ర పుస్తకాన్ని మళ్ళీ వేస్తూ ‘ఒకప్పటి సెయింట్ ఆల్బన్స్ బడిపంతులు’ అన్నాడు, అంతే. లండన్ బయట కూర్చుని 8 పుస్తకాలు వేశాడు. ఈ పుస్తకంలో వంశచిహ్నాలని రంగుల్లో అచ్చొత్తాడు. ఇంగ్లండులో రంగుల్లో అచ్చయిన మొదటి బొమ్మలు అవే.

నేతిబీర: పంతులుగారికి వెటకారం ఎక్కువే. సన్యాసినుల గుంపుకి ‘సూపర్‌ఫ్లూయిటీ’ అట, అంటే అవసరానికి మించి ఉన్నారని. పెద్ద మఠం ఉన్న ఊళ్ళో కూర్చుని! మనకి చీమల బారు, మిడతల దండు ఉన్నాయి గానీ ఈ ఎత్తిపొడుపు లేదు.

తాటాకు: మనకి యూథం ఉందిగా, ఏనుగులకే ప్రత్యేకం. పోతన గజేంద్రుడు ‘నానానేక యూథముల్ వనములోన’ అనలేదూ?

అరసున్న: ‘ప’ని ఎక్కడ పారేశారు? ‘నానానేకప యూథముల్’. అనేకపం అంటేనే ఏనుగు, తొండంతో ఒకసారి, నోటితో ఒకసారి తాగేది. ‘ప’ తీసేస్తే ఏనుగులు మాయం, శార్దూలంలో సగణం కుంటుతుంది.

పాతకాగితం: చిన్నప్పుడు మా మాస్టారు ‘అనేక, పయూథముల్’ అని విరిచి చదివించారు. ‘పయూథం’ కోసం ఎన్ని నిఘంటువులు తిరగేశానో!

నేతిబీర: యూథం ఏనుగుల సొత్తేం కాదు. అమరం చూడండి, ‘యూథం తిరశ్చాం’. ఏ జంతువులకైనా చెల్లుతుంది. ఆ పక్కనే ఇంకో తమాషా: పశువుల గుంపు సమజం, మిగతావాళ్ళది సమాజం. దీర్ఘం ఒక్కటే తేడా.

తాటాకు: మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఆ దీర్ఘం ఎప్పుడూ ఉండదు.

పాతకాగితం: ఇంతకీ నా ఫెర్రెట్లు? ‘సందడి’ అంటే సరిపోతుందా?

అరసున్న: సందడి పెళ్ళివారిది. ‘హడావిడి’ అనండి.

నేతిబీర: కుందేలు బొరియలో దూరేదానికి హడావిడేమిటి? ‘తిరుగుడు’ నయం.

తాటాకు: అది పువ్వు పేరైపోయింది. అది సరే గానీ, అదే పద్యంలో ‘దశలక్షకోటి కరిణీనాథుండ’ అన్నాడు కదా. పది లక్షల కోట్లు, అంటే ఒకటి పక్కన 13 సున్నాలు. అన్ని ఆడ ఏనుగులకి యూథం చాలుతుందంటారా?