ఫిజీ అంటే ముందు ఎవరు: విజయ్ సింగా, సెరెవీనా?

లంగరు:
ఫిజీ యాత్రకు బయలుదేరుతున్న మిత్రుడితో పెద్ద వాదనే జరిగింది. ఆ దేశపు క్రీడాకారుల్లో గోల్ఫ్ ఆటగాడు విజయ్ సింగే గొప్పవాడని నేను, రగ్బీ మాంత్రికుడు వైసాలే సెరెవీ అని ఆయన. లౌటోకాలో పుట్టి నాందిలో పెరిగిన విజయ్ గోల్ఫ్‌లో అతి పెద్దవైన మేజర్ టోర్నీలు మూడు గెలిచాడు. 2004లో అమెరికా గోల్ఫ్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో 9 టైటిళ్లు కొట్టి, టైగర్ వుడ్స్‌ను నంబర్ వన్ స్థానం నుంచి దించాడు. అంత చిన్న దేశం నుంచి ఇంకెవరు ఆ ఎత్తుకు వెళ్లారు?

గోదావరి గట్టు:
లంగరు గారూ, ఆ పేరు చివర సింగ్ లేకపోతే ఇంత పట్టు పట్టేవారా? బ్రిటిష్ కాలంలో గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఫిజీ చెరకు తోటలకు వెళ్లినవారిలో, 1903 నుంచి మద్రాసులో ఓడ ఎక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. మమకారం సహజమే, కానీ అది కొలబద్ద కాదు. విజయ్ పేరు తెచ్చుకున్నదంతా పరాయి గడ్డ మీద. సెరెవీ 1997లోనూ 2005లోనూ ఫిజీకి రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ప్రపంచ కప్ తెచ్చిన జట్లలో ఉన్నాడు. అక్కడి ఊళ్లలో పిల్లలు ప్లాస్టిక్ సీసానే బంతిగా చంకన పెట్టుకుని, ఉత్త కాళ్లతో పరుగెత్తేది ఈ ఆట కోసమే.

ఇసుకమేట:
ఒక్కరినే ఎందుకు ఎంచాలి? సింగటోకా ఇసుక దిబ్బలు చూశారా? ఫిజీలో మొదటి జాతీయ పార్కు అదే. కొన్నిచోట్ల దిబ్బ 60 మీటర్ల ఎత్తు ఉంటుంది. నేనూ ఎక్కాను. రెండడుగులు పైకి వేస్తే ఒకటి కిందికి జారుతుంది, పిక్కలు పట్టేస్తాయి. మనం ఫొటోలు తీసుకునే ఆ వాలు మీదే ఫిజీ సెవెన్స్ కోచ్ బెన్ రయన్ తన కుర్రాళ్లను పరుగెత్తించాడు. ఆ జట్టు 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో బ్రిటన్‌ను 43–7తో చిత్తు చేసింది. ఫిజీకి అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ గెలుపు గుర్తుగా మరుసటి ఏడాది ఏకంగా 7 డాలర్ల నోటు అచ్చువేశారు. టోక్యోలోనూ స్వర్ణం వాళ్లదే.

నీలి అల:
నాకు మాత్రం ఫిజీ అంటే నీళ్లే. బేకా మడుగులో సొరచేపల మధ్య డైవింగ్, తవేయూనీ దగ్గర మెత్తటి పగడాలు... సరే, వీటికి వేరే చర్చ పెట్టుకుందాం. తవరువా దీవి దగ్గర సర్ఫింగ్‌కు పేరుపడ్డ క్లౌడ్‌బ్రేక్ అల సంగతి మాత్రం ఇక్కడ చెప్పాల్సిందే. పడవలో వెళ్తే తప్ప అందని ఆ అల మీద 2010 దాకా ఒక రిసార్టుదే పెత్తనం. ప్రభుత్వం చట్టం చేశాకే అందరికీ దారి దొరికింది. సొంత సముద్రంలో అల ఎక్కడానికే చట్టం కావాల్సి వచ్చిన చోట, ఎవరు వీరుడవుతారన్నది ప్రతిభ ఒక్కటే తేల్చదు. గోల్ఫ్ అయితే చెప్పనక్కర్లేదు.

లంగరు:
విజయ్ ధనవంతుల బిడ్డేమీ కాదండీ. తండ్రి విమానాల టెక్నీషియన్, గోల్ఫ్ నేర్పిందీ ఆయనే. ఆ అడ్డంకి దాటి వచ్చాడనే నేను ఇతని పక్షం.

కొబ్బరాకు:
అందరూ 2016 దగ్గరే మొదలుపెడుతున్నారు. 2012 లండన్ పారాలింపిక్స్ ఎందుకు గుర్తు రాలేదు? పసితనంలోనే బస్సు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న ఇలీసా దెలానా, ఉన్న కాలితోనే గెంతుతూ వచ్చి హైజంప్‌లో 1.74 మీటర్లు దూకాడు. ఫిజీకి తొలి పారాలింపిక్ పతకం, అదీ స్వర్ణం. రజతం ఎవరిదో తెలుసా? మన కర్ణాటక కుర్రాడు గిరీశ్‌ది. అతనూ దూకింది 1.74 మీటర్లే, విఫలయత్నాల లెక్కలో వెనకబడ్డాడు. దెలానా తర్వాత ఎన్నికల్లో గెలిచి క్రీడల శాఖకు సహాయ మంత్రి కూడా అయ్యాడు. ఓటింగ్ పెట్టేటట్లయితే మూడో పేరుగా అతన్నీ చేర్చండి, అప్పుడే నేను ఓటేస్తాను.