చెట్ల పేర్లు చూసి ఉత్తర కాకసస్ భాషలన్నీ ఒకే కుటుంబం అనవచ్చా?

పాతమాట:
నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య ఉన్న కాకసస్ కొండల్లో ఉత్తర కాకసస్ భాషలనే రెండు గుంపులున్నాయి. తూర్పున చెచెన్, అవార్, లెజ్గి, దార్గ్వా వగైరా. పడమట అబ్ఖాజ్, కబర్దియన్, అదిగె, 1992లో తెవ్‌ఫిక్ ఎసెంచ్ చనిపోవడంతో మాట్లాడేవాళ్లే లేకుండా పోయిన ఉబిఖ్. ఈ రెండు గుంపులూ ఒకే తల్లి బిడ్డలా, కాదా అన్నది పాత తగువు. రష్యన్ భాషావేత్త త్రుబెత్స్‌కోయ్ 1930లోనే రెండింటి మధ్య మాటల పోలికలు చూపించాడు. 1994లో నికొలాయెవ్, స్తారొస్తిన్ అనే ఇద్దరు రష్యన్ భాషావేత్తలు కలిసి, మాటల పుట్టుక చెప్పే, వెయ్యి పేజీలు దాటిన నిరుక్త నిఘంటువే వేశారు.

నేను "అవును" అనే వాళ్ల వైపు. నా సాక్ష్యం చెట్ల పేర్లు. ఆపిల్‌ని చెచెన్‌లో "అజ్", అవార్‌లో "ఎచ్", లెజ్గిలో "ఇచ్", దార్గ్వాలో "ఇంత్స్" అంటారు. (లెజ్గి తప్ప మిగతా మూడింటి మొదట్లో గొంతు బిగించి పలికే ధ్వని ఒకటుంది, మన లిపిలో దానికి అక్షరం లేదు.) బేరిపండు చెచెన్‌లో "ఖోర్", కబర్దియన్‌లో "ఖుజ్". ఇంత దగ్గరగా ఉన్నాక ఇంకేం కావాలి?

నుడికారం:
పాతమాట గారూ, ఆపిల్ దగ్గర మీతో పేచీ లేదు. కానీ మీరిచ్చిన నాలుగూ తూర్పు భాషలే. వాటి చుట్టరికం ఇక్కడ ఎవరూ కాదనడం లేదు. పడమటికి దాటి చూడండి. అబ్ఖాజ్‌లో ఆపిల్ "అత్స్వ", కబర్దియన్‌లో "మిఅరిసె". కబర్దియన్‌లో "మి" అంటే అడవి ఆపిల్. మిగతా భాగాన్ని "చేత్తో నాటినది" అని విడదీసి చెప్తారు. వీటిలో మీ "ఎచ్", "ఇచ్" ఎక్కడున్నాయి?

నా అసలు అభ్యంతరం ఇంకొకటి. అబ్ఖాజ్ మాటల ముందు వచ్చే "అ" మాటలో భాగం కాదు, అది అతుకు. అది తీసేస్తే అక్రోటు "ర", చెస్ట్‌నట్ "హ్య", ఓక్ ఉత్త "జ్", ఆల్డర్ చెట్టు ఉత్త "ల్". ఒక్క హల్లు మిగిలిన మాటకి ఎక్కడైనా చుట్టం దొరుకుతుంది. ఆల్డర్‌కి అబ్ఖాజ్‌లో "అల్", లాటిన్‌లో "అల్నుస్". అంతమాత్రాన అబ్ఖాజ్ లాటిన్‌కి చుట్టం అంటామా? పైగా ఉబిఖ్‌లో 80కి పైగా హల్లులు, అచ్చులు రెండే. అన్ని హల్లులున్నప్పుడు "ఇది దానికి దగ్గర" అనడానికి చోటు చాలా ఎక్కువ.

మన దగ్గర ఎలా తేల్చారో గుర్తు తెచ్చుకోండి. తెలుగు వేప కన్నడలో బేవు. అదొక్కటే అయితే నేను నమ్మను. కానీ వేరు–బేరు, విల్లు–బిల్లు, వెల్లుల్లి–బెళ్ళుళ్ళి కూడా ఉన్నాయి. చెట్టుకీ, బాణం వేసే విల్లుకీ, పోపులో వేసే వెల్లుల్లికీ ఒకే రూలు. "ఖోర్"లోని "ర్", "ఖుజ్"లో "జ్" అయ్యిందంటే అదే మార్పు ఇంకే మాటల్లో జరిగిందో చూపించాలి కదా.

పాతమాట:
ఎన్నో వేల ఏళ్ల కిందట విడిపోయిన భాషల్లో వేప–బేవు అంత నున్నటి రూలు ఆశించడం అన్యాయం. అర్థాలు కూడా జరుగుతాయి. గ్రీకులో "ఫేగోస్" అంటే ఓక్, అదే మాట లాటిన్‌లో "ఫాగుస్", అంటే బీచ్ చెట్టు. దాన్ని అందరూ ఒప్పుకుంటారు. కాకసస్‌కి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోరు?

నుడికారం:
అక్కడ ధ్వని రూలు ముందు గట్టిగా నిలబడింది, అర్థం జరగడాన్ని తర్వాత ఒప్పుకున్నారు. వరుస తిరగేస్తే లాభం లేదు.

అడవిదారి:
ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. పండ్ల చెట్లు వేరు, అడవి చెట్లు వేరు.

చెర్కెస్ వాళ్లు, అంటే అదిగె, కబర్దియన్ మాట్లాడేవాళ్లు, అడవిలోకి వెళ్లి, అక్కడే ఉన్న అడవి బేరి, ఆపిల్ చెట్లకి మంచి రకాల అంట్లు కట్టేవాళ్లు. 1864లో వాళ్లలో చాలామందిని ఒట్టోమన్ రాజ్యానికి వెళ్లగొట్టాక ఆ చెట్లు మాత్రం అడవిలో మిగిలాయి. వాటిని ఇప్పటికీ చెర్కెస్ తోటలు అంటారు. అలా కొమ్మ కోసి పక్క లోయకి పట్టుకెళ్లినప్పుడు దాని పేరు కూడా వెంట వెళ్తుంది. కబర్దియన్లూ చెచెన్లూ పక్కపక్కన బతికినవాళ్లు. కాబట్టి "ఖోర్–ఖుజ్"లో నిజంగా సంబంధం ఉన్నా, అది అరువు కావచ్చు.

ఓక్‌ని ఎవరూ అంటు కట్టి పట్టుకెళ్లరు కదా, దాన్ని చూడండి. చెచెన్‌లో "నజ్". కబర్దియన్‌లో "జిగేయ్". కబర్దియన్‌లో "జిగ్" అంటే చెట్టు. చివర "ఏయ్" చెట్ల పేర్లకి తగిలించే ప్రత్యయం: "దె" అక్రోటు కాయ, "దేయ్" అక్రోటు చెట్టు. అంటే ఓక్‌ని వాళ్లు "చెట్టు" అన్న మాటలోంచే పుట్టించుకున్నారు. అదిగెలోనూ అంతే, "చిగి" చెట్టు, "చిగాయ్" ఓక్. ఆ కొండల్లో ఓక్ ఎంత ముఖ్యమో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది, నాకైతే చాలా ఇష్టమైన మాట. కానీ పాతమాట గారి వాదానికి ఇది దెబ్బే. "జిగేయ్" తర్వాత కట్టుకున్న మాట. దాన్ని "నజ్" పక్కన పెట్టి "జ్" కలిసిందనడం కుదరదు.

కొత్తపాఠకురాలు:
మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. నా పక్క సీట్లో పనిచేసే అర్మేనియన్ అమ్మాయి ఆపిల్‌ని "ఖ్న్‌జోర్" అంటుంది. దార్గ్వా "ఇంత్స్"లోనూ ఆ "న్" ఉంది. సంబంధం ఉందా?

అడవిదారి:
మంచి చోట పట్టుకున్నారు. అర్మేనియన్ మాట హురియన్ భాష నుంచి వచ్చిందంటారు, అందులో ఆపిల్ "హింజూరి". హురియన్ క్రీస్తుకు పూర్వమే పోయిన భాష. ద్యాకొనొఫ్ అనే పండితుడు, పైన చెప్పిన స్తారొస్తిన్ కలిసి 1986లో హురియన్‌ని తూర్పు కాకసస్ భాషలతోనే కలిపారు. అంత దూరం అందరూ వెళ్లరు. అయినా ఆపిల్ మాట మాత్రం కొండకి ఇవతలా అవతలా తిరిగినట్టే కనిపిస్తోంది.

పాతమాట:
సరే, బేరిపండుని సాక్ష్యంగా వెనక్కి తీసుకుంటున్నాను. అంటు సంగతి నాకు తట్టలేదు. ఓక్ కూడా పోయింది. కానీ రెండు గుంపులకీ చుట్టరికం లేదని మాత్రం ఒప్పుకోను. నాకు ఒక వారం టైమివ్వండి. "ర్"కి ఎదురుగా "జ్" వచ్చే జంటలు, చెట్లూ పండ్లూ కానివి, వెతికి తెస్తాను.

నుడికారం:
నెల తీసుకోండి. గుండె, నాలుక, రక్తం లాంటి మాటలతో మొదలుపెట్టండి. మూడు జంటలు దొరికినా నేను కూర్చుని చూస్తాను.