నోటీసు రాకముందే జీఎస్టీ కట్టేస్తున్నాం: 18 శాతం వడ్డీ మొత్తం పన్ను మీదా, క్రెడిట్ పోగా మిగిలిన దాని మీదా?

ప్రశ్న
క్లయింట్‌ది గుంటూరులో హార్డ్‌వేర్ హోల్‌సేల్. 2024 ఆగస్టు బిల్లు ఒకటి, 5,00,000ది, రిటర్నులోకి ఎక్కలేదు. కేంద్రం వాటా సీజీఎస్టీ 45,000, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 45,000. ఆ నెల 3బి (పన్ను లెక్క చూపి కట్టే నెలవారీ రిటర్ను) మాత్రం గడువులోనే వేశాం. 2025 ఏప్రిల్ 8న డీఆర్‌సీ-03తో (బాకీ పన్నును మనంతట మనమే కట్టే ఫారం) కడితే వడ్డీ ఎంతవుతుంది? క్రెడిట్ లెడ్జర్‌లో (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను జమయ్యే ఖాతా) 70,000 ఉంది కాబట్టి మిగతా 20,000కి లెక్కేస్తే చాలా? కొన్న పార్టీకీ జీఎస్టీ నంబరుంది.

జవాబు 1
చాలదండీ, 90,000 మీదే వెయ్యాలి. జీఎస్టీ చట్టం సెక్షన్ 50(1)లో నగదుగా కట్టే భాగం మీదే వడ్డీ అన్న వెసులుబాటు, ఏ నెల అమ్మకాన్ని ఆ నెల రిటర్నులోనే చూపించి, ఆ రిటర్ను ఆలస్యంగా వేసినవాళ్లకే. మీ ఆగస్టు రిటర్ను సకాలంలో వెళ్లింది, బిల్లే అందులో లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రూల్ 88బి(2) ప్రకారం కట్టని పన్ను మొత్తానికీ వడ్డీ పడుతుంది.

గడువు సెప్టెంబరు 20. 21 నుంచి ఏప్రిల్ 8 దాకా 200 రోజులు. 90,000 × 18% × 200 ÷ 365 = 8,877. సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ.

2024-25 బిల్లు కాబట్టి వర్తించేది సెక్షన్ 74ఏ (కట్టని పన్నుకు నోటీసిచ్చే సెక్షన్). ఎగవేత ఉద్దేశం లేని కేసులో నోటీసుకు ముందే పన్నూ వడ్డీ రెండూ కడితే పెనాల్టీ ఉండదు. వడ్డీ తగ్గించి కడితే ఆ తగ్గిన మొత్తానికి నోటీసు వస్తుంది.

జవాబు 2
లెక్క సరే గానీ, దారి డీఆర్‌సీ-03 కాదు. దాంతో కడితే కొన్నవాళ్ల 2బిలోకి (వాళ్లకు దక్కే క్రెడిట్ చూపే నెలవారీ పట్టిక) బిల్లు రాదు, వాళ్ల క్రెడిట్ ఆగిపోతుంది. ముందు డీఆర్‌సీ-03 కట్టి, తర్వాత వాళ్లు అడిగారని జీఎస్టీఆర్-1లో (అమ్మకాల బిల్లులు చూపే రిటర్ను) ఎక్కిస్తే పన్ను మళ్లీ 3బిలోకి వచ్చి కూర్చుంటుంది. అక్కడ తగ్గిస్తే తేడా ఎందుకని అడుగుతూ డీఆర్‌సీ-01బి ఇంటిమేషన్ రావచ్చు. మార్చి జీఎస్టీఆర్-1లో పాత తేదీతోనే ఎక్కించి, మార్చి 3బిలో కట్టండి. 2బి 14న వస్తుంది కనుక 3బి 15న వేశారనుకుందాం: రోజుకు 44.38 చొప్పున ఏడు రోజులకు 311 ఎక్కువ. కస్టమర్ క్రెడిట్ ముందు అదెంత!

జవాబు 3
పై మాటే నాదీ. వడ్డీని 3బి 5.1 పట్టికలో మీరే నింపండి. పన్నుకు క్రెడిట్ వాడొచ్చు, వడ్డీకి కుదరదు, నగదే. చలానా తీసేటప్పుడు డబ్బు 'ఇంట్రెస్ట్' గడిలో వెయ్యాలి. 'ట్యాక్స్' గడిలో పడితే క్యాష్ లెడ్జర్‌లో డబ్బు కనబడుతూనే ఉంటుంది, వడ్డీకి మాత్రం తీసుకోదు. అలా పడితే పీఎంటీ-09 ఫారంతో గడి మార్చుకోండి, కొత్త చలానా అక్కర్లేదు.