అప్‌డేట్: సెడోనాలోనే ఉండిపోతున్నాం, ప్రస్తుతానికి

అరిజోనాలోని సెడోనాలో ఉండాలా, ఫీనిక్స్‌కి మారిపోవాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇంకో ఏడాదికి లీజు రాసేశాం.

సాయంత్రం ఎండకి ఇక్కడి కేథడ్రల్ రాక్ అనే రాతికొండ నిప్పుకణికలా ఎర్రబడుతుంది. రాతిలోని ఇనుము తుప్పు పట్టడం వల్లే ఆ రంగు. వీధి దీపాల వెలుగు తక్కువ, పెరట్లోంచే పాలపుంత కనిపిస్తుంది. వదులుకోవడానికి మనసొప్పలేదు.

బాధ మాత్రం అలాగే ఉంది. మా వీధిలో చాలా ఇళ్లు టూరిస్టులకే అద్దెకిస్తున్నారు. 2016 నాటి రాష్ట్ర చట్టం వల్ల అలాంటి అద్దెల్ని నిషేధించే అధికారం ఊరికి లేదు. పక్కింట్లో వారం వారం కొత్త మొహాలే, మా పాపతో ఆడుకునే పిల్లలే లేరు. కరివేపాకు కావాలన్నా ఫీనిక్స్‌కి రెండు గంటల ప్రయాణం.

దగ్గర్లోని ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో కాటన్‌వుడ్‌లోనో తెలుగువాళ్లెవరైనా ఉంటే చెప్పండి, తప్పకుండా వచ్చి కలుస్తాం.